తాళం పగలని దొంగతనం

అది ఎనభై ఆరో సంవత్సరం, నాట్ల కాలం. ఎల్లారెడ్డిలో కాలిన మోటర్లకు రాగితీగ చుట్టే ఇస్మాయిల్ పొద్దున్నే షెడ్డు తాళం తీసి లోపలికి చూసి కొయ్యబారిపోయాడు. తీగచుట్టలు లేవు. రైతు రాజలింగు మోటరూ లేదు. తాళం మాత్రం తను తీసేదాకా పెట్టింది పెట్టినట్టే ఉంది.

పోయిన నెల దొంగలు చెక్కతలుపు విరగ్గొడితే, ఇనుప తలుపు తనే చేసి బిగించాడు. ఏనుగొచ్చినా కదలదని ఊరంతా చెప్పుకున్నాడు కూడా.

రొట్టెలు కాలుస్తున్న అతని భార్య హమీదున్నీసాకు మొదట కేక వినిపించింది, వెంటనే చెంపదెబ్బ. పిండిచేతులతోనే పరుగెత్తింది. అన్నతో పాటు షెడ్డులో పనిచేసే మరిది మజహర్ చెంప పట్టుకుని నిలబడ్డాడు. మోటరు కోసం వచ్చిన రాజలింగు చూస్తున్నాడు.

"రెండో తాళంచెవి నీ దగ్గర్నే ఉన్నది. తాళం పగలలే. మరి గోడలకెళ్లి పోయినయా?" ఇస్మాయిల్ అరిచాడు.

"నేను తియ్యలే భాయ్. అమ్మీ మీద ఒట్టు."

"దొంగనోటితోటి అమ్మీ పేరెత్తకు! నడువ్ నా ఇంట్లకెళ్లి!"

మజహర్ చెప్పులేసుకుని బస్టాండు వైపు వెళ్లిపోయాడు. గడపలో వాళ్ల తల్లి చాంద్ బీ కూలబడింది.

హమీదున్నీసాకు ఒళ్లు మండిపోయింది. తను కాపురానికి వచ్చేనాటికి మజహర్ ఆరేళ్లవాడు. ఆమె కొంగు పట్టుకుని పెరిగాడు.

"నీ చేతులతోటి చేసిన తలుపు మీదున్న నమ్మకం, నీ చేతులల్ల పెరిగిన తమ్ముని మీద లేదా?"

"షాపు సంగతి నీకెందుకు? లోపలికి పో!"

"పోను! ఏం చేస్తవ్? నన్ను గూడ కొడ్తవా?"

అత్త మీది కోపం దుత్త మీద తీసినట్టు, ఆమె తెరిచివున్న తలుపును విసురుగా నెట్టింది. అది మూసుకోలేదు. బందుల వైపు నుంచి ఊడి, వాకిలి దద్దరిల్లేలా కిందపడింది.

ఇస్మాయిల్ వంగి బందు చీల తీసి చూశాడు. అడుగున సుత్తిదెబ్బలు కొత్తగా మెరుస్తున్నాయి. లోపల మోటర్లకే జాగా చాలదని తలుపు బయటికి తెరుచుకునేలా పెట్టాడు. దాంతో బందులూ బయటే ఉండిపోయాయి. దొంగ చీలలు కొట్టి ఊడదీసి, తలుపును ఆ వైపు నుంచి తప్పించి, పోతూ పోతూ చీలల్ని మళ్లీ సగం దూర్చి పోయాడు. చీలలు ఊడకుండా అతికించాలన్న ఆలోచన గొప్పలు చెప్పుకునేవాడికి రాలేదు.

"గా తాళం దిక్కే చూసిన..." గొణిగాడు.

"నాకెందుకు చెప్తున్నవ్? పోయి వానికి చెప్పు!"

ఇస్మాయిల్ పరుగెత్తాడు. ఆమె, రాజలింగు వెనకాలే వెళ్లారు. కామారెడ్డి బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. మజహర్ కిటికీ పక్కన కూర్చున్నాడు.

"దిగురా మజ్జూ. తప్పు నాదే," కిటికీ ఊచ పట్టుకుని ఇస్మాయిల్ మెల్లగా అన్నాడు.

"రాజలింగన్న ముందట దొంగన్నవ్. గిప్పుడు చెవుల చెప్తున్నవ్?"

ఎవరి ముందూ తలవంచని మనిషి ఇస్మాయిల్. బస్సంతా వినేలా గొంతెత్తాడు.

"నా తమ్ముడు దొంగ కాదు! తలుపు తప్పు పెట్టింది నేను! ఊకనే కొట్టింది నేను!" ఆ గొంతు అక్కడే పగిలిపోయింది.

మజహర్ దిగాడు. ఇంతసేపూ రాని ఏడుపు అప్పుడొచ్చింది.

"కొట్టినవ్, కొట్టు. దొంగనని ఎట్ల నమ్మినవ్ భాయ్?"

ఇస్మాయిల్ తమ్ముణ్ని రెండు చేతులా పొదువుకుని, నడిబస్టాండులో పసివాడిలా ఏడ్చాడు. హమీదున్నీసా కోపమింకా చల్లారలేదు. అయినా కొంగుతో ముందు మొగుడి కళ్లే తుడిచింది.