నున్నటి ముక్కు తూటా

ఉదయం ఆరున్నరకి బిర్సానగర్‌లో ఇన్ఫార్మర్ ఆదిబాబు శవం దొరికింది. బిగిసిన గుప్పిట్లో కాల్చని నైన్ ఎం.ఎం. తూటా ఒకటి. దాని ముక్కు నున్నగా, గుండ్రంగా ఉంది. చావుకి ముందు ఏజెంట్ ప్రభుకిరణ్‌కి అతను పంపిన వాయిస్ మెసేజ్ ఒక్కటే.

"ఆళ్లు కాల్చరు సార్. మీ సేతే కాల్పిత్తారు."

ఏమిటో దాని అర్థం! ప్రభుకిరణ్ దాన్ని పదేపదే విన్నాడు.

యుద్ధట్యాంకుల కవచాల ఉక్కు ఫార్ములాని విదేశీ ముఠాకి అమ్మిందెవరో రిటైర్డ్ మెటలర్జిస్టు ఆమోసుకి తెలుసు. మధ్యాహ్నం రాంచీలో ఆయన వాంగ్మూలం. అందాకా ఆయన్ని బతికించాలి, అదే అసైన్‌మెంట్. ఆమోసు ప్రభుకిరణ్‌కి స్వయానా మేనమామ. తండ్రి పోయాక భాలుబాసాలో పెంచింది ఆయనే.

"మ్యాగజైన్ నేనే నింపాను," అంది కారులో స్మిత, పిస్టల్ అందిస్తూ. "అన్నీ హాలో పాయింట్లే. ముక్కున గుంట ఉంటుందిగా, ఒంట్లో విచ్చుకుని అక్కడే ఆగిపోతాయి. గుంటలేని ఫుల్ జాకెట్ అయితే ఒకణ్ణి దాటి వెనకవాణ్ణీ పొట్టన పెట్టుకుంటుంది. జనంలో పని కదా!"

మూడేళ్లుగా ఆమె అతని పార్ట్‌నర్. ఆమె నవ్వితే పాపం అతనికి బ్రీఫింగ్ సగం చెవికెక్కేది కాదు. తూటాలు తీసి చూసుకోలేదు.

సాక్చి బజార్లో ఎండుచేపలు కొంటేగానీ కదలనని మావయ్య మొండికేశాడు. కస్తూరమ్మ కొట్టు ముందు బేరం సాగుతుండగా జనంలోంచి ఒక బక్కపలచటివాడు దూసుకొచ్చి ఆయనకి పిస్టల్ గురిపెట్టాడు. వాడి వీపు ప్రభుకిరణ్‌కి ఆరడుగుల దూరంలో ఉంది. సరిగ్గా వాడికవతల మావయ్య.

"షూట్! కిరణ్, షూట్!" ఇయర్‌పీస్‌లో స్మిత.

వేలు ట్రిగ్గర్ మీదికి వెళ్లింది. కానీ వాడు కాల్చడం లేదేం? దేనికోసం చూస్తున్నాడు?

ఆళ్లు కాల్చరు సార్. ఆదిబాబు గుప్పిట్లోని నున్నటి ముక్కు. మ్యాగజైన్ నింపిన చేతులు.

దేవుడా! ఆ బక్కవాణ్ణి దాటుకుని పోయేది మావయ్య గుండెలోకే.

కస్తూరమ్మ త్రాసులోని రెండు కిలోల ఇనపరాయి లాక్కుని విసిరాడు. అది మోచేతికి తగిలి వాడు కూలబడ్డాడు. వాడి పిస్టల్ ఖాళీది.

"సిర్ఫ్ డరానా థా సాబ్!" బెదిరిస్తే చాలన్నారని భోరుమన్నాడు. వాడి చావూ ప్లానులో భాగమేనని పాపం వాడికి తెలియదు.

స్మిత తప్పించుకోవాలని జనంలోకి నడిచింది. ప్రభుకిరణ్ గురిపెట్టాడు. ఆమె ముందు చంటిపిల్లతో ఒక తల్లి. తూటా తనని దాటి వాళ్లకి తగులుతుంది గనక అతను కాల్చలేడని స్మితకి తెలుసు. పిస్టల్ దించి, పరుగున పోయి ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

మ్యాగజైన్ ఖాళీ చేస్తే పదిహేనూ నున్నటి ముక్కులే.

"నేను చెబితే ఎప్పుడూ ఆలోచించకుండా కాల్చేవాడివి," అంది స్మిత.

"ఏట్రా, సేతిలో గన్నెట్టుకుని రాయి ఇసిరినావు?" అన్నాడు మావయ్య.

ప్రభుకిరణ్ ఆయన్ని గట్టిగా వాటేసుకున్నాడు.

కస్తూరమ్మ రాయి ఏరుకొచ్చి తిప్పి తిప్పి చూసింది. "అంచు ఇరిగిపోనాది బాబూ! రేపట్నించి నా తూకం ఎవులు నమ్ముతారు?"

కొత్త రాయి కొనిపెట్టాడు. మ్యాగజైన్ మాత్రం ఆ తరవాత ఎవరిచేతా నింపించుకోలేదు.