పసుపురంగు వంతు

మా ఇంట్లో ముగ్గురికీ కలిపి ఒకటే క్యాలెండర్. గోడ మీద కాదు, ఫోన్లో. నా వంతు ఆకుపచ్చ, మా ఆయన మౌనేష్ వంతు నీలం, మా వదిన అంబిక వంతు పసుపు. నేను బళ్లారిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సుని. మౌనేష్‌కి తోరణగల్లు వైపు ఒక ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని. ఇద్దరివీ షిఫ్టులే. నాది ఒక లెక్కన మారితే ఆయనది ఇంకో లెక్కన మారుతుంది. పాప తుంగ ఇంకా చిన్నది, ఈ ఏడే బడిలో వేశాం. ఏ పూట పాప దగ్గర ఎవరుండాలో తేలక రోజూ ఇంట్లో రభస. అది చూడలేక వదినే ఈ క్యాలెండర్ పెట్టింది. ఆమె మౌనేష్‌కి అక్క. మా ఇంట్లోనే ఉండి మిషన్ మీద జాకెట్లు కుట్టేది. మేం పనుల్లో ఉంటే పాపకి తల్లీ తండ్రీ ఆమే.

పోయిన ఎండాకాలం వదిన కామెర్లతో చనిపోయింది. క్యాలెండర్లో పసుపు రంగు మాత్రం ఉండిపోయింది. ఒకసారి తీసేద్దామని చూశాను. పెట్టినవాళ్లే తీయాలట, వేరేవాళ్లకి కుదరదట. మౌనేష్‌కి చెబితే మొహం పక్కకి తిప్పుకున్నాడు.

"ఉండనీలే మంజూ. అదేమన్నా అన్నం అడుగుతాందా?" అన్నాడు.

నేనూ ఊరుకున్నాను. గొడవ పడడానికి కూడా ఓపిక ఉండాలి కదా.

వదిన పోయాక మేమిద్దరం ఒకరికొకరం బస్టాపులోనే కనబడేవాళ్లం. ఆయన కంపెనీ బస్సు దిగేసరికి నేను పాపని పట్టుకుని అక్కడ నిలబడి ఉండాలి. పాప చెయ్యి ఆయన చేతిలో పెట్టి నేను సిటీ బస్సు ఎక్కాలి. ఇంకో వారం ఇదే తిరగబడుతుంది. మొగుడూ పెళ్లాల మాటలన్నీ ఆ కాసేపట్లోనే. పాలు విరిగినాయి, దగ్గుమందు తాపించు, గ్యాస్ అయిపోవచ్చింది. కంటినిండా నిద్రపోయి ఎన్నాళ్లయిందో ఇద్దరికీ గుర్తు లేదు.

ఆ రోజు మధ్యాహ్నం ఆసుపత్రిలో అన్నం డబ్బా విప్పుకుని కూర్చున్నాను. ఫోన్ కుయ్యిమంది. క్యాలెండర్లో కొత్త సౌకర్యాలు వచ్చాయట. ఇంట్లో ఎవరెప్పుడు ఖాళీగా ఉన్నారో ఇకమీదట ఒకేచోట కనబడుతుందట. ఇద్దరికీ ఒకేసారి పని తగిలితే, ఖాళీగా ఉన్న మూడోవాళ్లకి ఆ పని అదే అప్పగిస్తుందట. మళ్లీ మళ్లీ అడిగి విసిగించదట. ఒక్కసారి ఒప్పుకుంటే చాలు. అది చదివేసరికి నాకు ఆ కంపెనీవాళ్లకి దండం పెట్టాలనిపించింది. సరే అని నొక్కాను. ఆ రోజుల్లో నిద్రమత్తులో దేనికైనా సరే అని నొక్కేదాన్ని.

సాయంత్రం స్కూలు వ్యాను పాపని మా వీధి మొదట్లో దింపుతుంది. ఆ రోజు దింపుకునే వంతు మౌనేష్‌ది. కానీ ఆయన తర్వాత రావాల్సిన మనిషి డ్యూటీకి రాలేదు. నాకు కుదరదు అని ఆయన క్యాలెండర్లో పెట్టాడు. అప్పుడే మా ఆసుపత్రికి ఆటో బోల్తాపడ్డ మనుషులని తెచ్చారు. నాకూ కుదరదు అని పెట్టాను. రక్తపు చేతులు కడుక్కుని వచ్చి చూస్తే ఫోన్ మీద టిక్కు కనబడింది. సర్దుబాటు అయింది అని ఉంది. మౌనేష్ ఎట్లో బయటపడ్డాడు అనుకున్నాను. విప్పి చూడలేదు.

పని ముగించుకుని వస్తుంటే వాన తుంపర మొదలైంది. ఎర్రమట్టి, పొగ, తడిసిన ఇనుము కలిసిన వాసన. బస్టాపులో దీపాలు పోయాయి. మబ్బుకి అప్పుడే చీకటి పడ్డట్టుంది. నేను సిటీ బస్సు దిగాను. వెనకాలే కంపెనీ బస్సు ఆగింది. మౌనేష్ దిగాడు.

మేమిద్దరం ఒకేసారి దిగడం... అదే మొదటిసారి.

ఆయన నా పక్కన చూశాడు. నేను ఆయన పక్కన చూశాను.

"పాప యాడప్పా?" అన్నాను.

"నీకాడ లేదా? నువ్వే సర్దుకున్యావు అనుకుంటి గదా!"

ఫోన్ తీసి టిక్కు విప్పాను. 'పాపని దింపుకోవడం. అంబిక. పూర్తయింది.' గడి నిండా పసుపు రంగు.

ఇద్దరం పరిగెత్తాం. నా చెప్పు ఒకటి బురదలో ఉండిపోయింది.

వీధి మొదట్లో పక్కింటి సిద్దక్క గడపలో కూర్చుని బియ్యం ఏరుతోంది. మమ్మల్ని చూసి నవ్వింది.

"పాప ఎప్పుడో వచ్చె గదమ్మా. వ్యాను దిగి, చెయ్యి పైకెత్తుకోని పాయ."

"ఎవరి చెయ్యి పట్టుకోని అక్కా?"

"ఎవురిదీ కాదు. ఊరికే... ఎవురో పట్టుకున్నెట్ల పైకెత్తుకోని నడిచె. పిల్లలు గదా, ఏందో ఆడుకుంటాంది అనుకుంటి."

మా తలుపుకి బయట తాళం వేసినది వేసినట్టే ఉంది. లోపల చీకటి. ఆ చీకట్లోంచి చప్పుడు... టకటకటక... ఆగింది. మళ్లీ టకటకటక. కుట్టుమిషన్. వదిన పోయాక దాని బెల్టు మౌనేషే ఊడదీసి, మీద దుప్పటి కప్పాడు.

తాళంచెవి నా చేతిలోంచి జారిపోయింది. మౌనేష్ తీసి తలుపు తెరిచాడు. చప్పుడు ఆగిపోయింది. మిషన్ నూనె వాసన గుప్పుమంది. వదిన చేతులకి ఎప్పుడూ ఉండే వాసన. ఫోన్ వెలుగులో పాప కనబడింది. నేల మీద మఠం వేసుకుని కూర్చుంది. ముందు ఖాళీ పళ్లెం, అంచున పెరుగన్నం మెతుకులు. తలకి నూనె పెట్టి, రెండు జడలు బిగించి వేసి ఉన్నాయి. పొద్దున నేను హడావుడిగా ఒక్క రబ్బరు బ్యాండు చుట్టి పంపాను.

ఒళ్లో పెట్టుకుని పాపని తడిమాను. వెచ్చగా ఉంది. ఏడుపు ఆగలేదు నాకు.

"ఎవరు తోడుకోనొచ్చిరి తల్లీ?" మౌనేష్ గుసగుసగా అడిగాడు.

"అత్త."

"అత్త... ఇప్పుడు యాడుండాది?"

పాప మా ఇద్దరినీ వింతగా చూసింది. "మీరొచ్చినారు గదా. వంతు అయిపాయ. పోయింది."

మౌనేష్ వదిన పెట్టె తెరిచి ఆమె ఫోన్ బయటికి తీశాడు. బ్యాటరీ ఉబ్బి వెనకమూత పగిలి ఉంది. ఎప్పుడో చచ్చిపోయిన ఫోన్. దాన్ని పట్టుకుని చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. "చాలక్కా. ఇంగ మేం చూసుకుంటాం. నువ్వు పో అక్కా" అన్నాడు.

ఒక మాట చెప్పాలి. ఇల్లు చేరేసరికి బిడ్డ తిని, జడలు వేయించుకుని కూర్చుని ఉండడం ఎన్నో నెలల తర్వాత ఆ రోజే చూశాను. ఒక్క క్షణం నా ప్రాణానికి హాయిగా అనిపించింది. దెయ్యం కన్నా ఆ హాయికే ఎక్కువ భయపడ్డాను.

ఇద్దరి ఫోన్లలోంచీ క్యాలెండర్ తీసిపారేశాం. పాప జడలు విప్పేశాను. పడుకునేముందు నా చీర కొంగు పాప మణికట్టుకి ముడి వేశాను. అటు మౌనేష్, ఇటు నేను, మధ్యలో పాప. తెల్లవార్లూ కన్ను మూయకూడదని ఒట్టు పెట్టుకున్నాం. నిలబడే నిద్రపోయే మనుషులం, ఒట్టు ఎంతసేపు నిలబడుతుంది? ఎప్పుడు నిద్రపట్టిందో తెలియదు.

ఫోన్ మోతకి మెలకువ వచ్చింది. కిటికీలోంచి ఎండ మొహం మీద పడుతోంది. కొంగు తడుముకున్నాను. ముడి ఉంది. దాని చివర పాప చెయ్యి ఉంది. దుప్పటి తలదాకా కప్పుకుని అవతలి వైపు తిరిగి పడుకుంది. హమ్మయ్య అనుకుని ఫోన్ ఎత్తాను. స్కూలు వ్యాను నడిపే పరశురామ్.

"అక్కా, పాప డబ్బా మర్చిపోయి వచ్చింది. ఒకటే ఏడుస్తాంది. బడికాడికి తెచ్చిస్తారా?"

"ఏ పాప?"

"ఏందక్కా అట్లంటావు? మీ తుంగనే. వీధి మొదట్లో నిలబడింటే ఎక్కించుకుంటి."

మౌనేష్ కూడా లేచాడు. నా మొహం చూసి, దుప్పటి వైపు చూశాడు.

"పాపకియ్యప్పా... ఫోన్ పాపకియ్యి."

వ్యాను హారన్, పిల్లల అరుపులు... తర్వాత ఎక్కిళ్లు. నా బిడ్డ ఎక్కిళ్లు. కన్నదాన్ని, నాకు తెలియదా?

"అమ్మా... అత్త డబ్బా పెట్టల్యా."

"అత్త... నీతో ఉండాదా తల్లీ?"

"లేదు. నన్ను వ్యాను ఎక్కించి ఇంటికి పాయ. ఈపొద్దు ఆమె వంతు నీకాడంట. నువ్వు శానా అలిసిపోయినావంట. నిన్ను బాగా పండుకోబెట్టల్లంట."

ఫోన్ చెవి దగ్గరే ఉండిపోయింది. మౌనేష్ గోడకి అతుక్కుపోయి నిలబడ్డాడు. నేను లేవబోయాను.

దుప్పటి కింద నుంచి ఆ చిన్న చెయ్యి... నా కొంగుని... మెల్లగా తనవైపు లాక్కుంది.