మూడుసార్లు పేలని తుపాకి

గార్లండ్ ప్రూయిట్ కాఫీ కప్పు ఇంకా నోటి దాకా తీసుకెళ్లలేదు, ఆఫీసు తలుపు ధడాలున తెరుచుకుంది. గుమ్మంలో నిలబడ్డ మనిషిని చూసి అతను కప్పు కింద పెట్టేశాడు.

వచ్చినాయనకి అరవై దాటి ఉంటాయి. జింకతోలు చొక్కా, వెడల్పాటి టోపీ, నడుముకి వేలాడుతున్న తుపాకిమందు కొమ్ము. పాతకాలం వేటగాడొకడు కెంటకీ కొండల్లో దారి తప్పి ఈ మెయిన్ రోడ్డు మీద తేలినట్టున్నాడు. గడ్డంలో రెండు గడ్డిపరకలు చిక్కుకున్నాయి. ఒక చెయ్యి నడుం పట్టుకుని ఉంది.

"డిటెక్టివ్ నువ్వేనా?"

"నేను అసిస్టెంటునండీ. ఆవిడ," అని గార్లండ్ కిటికీ దగ్గర కూర్చున్న పొట్టి మనిషిని చూపించాడు.

ఇడెల్లా స్టాలర్డ్ తన వయసులో సగం ఒక బీమా కంపెనీలో గడిపింది. తగలబడిన కొట్టాల బూడిద కెలికి, ఎవరు నిజం చెప్తున్నారో, ఎవరు కథలు అల్లుతున్నారో తేల్చేది. ఇప్పుడు అదే పని సొంతంగా చేస్తోంది. ఆవిడ చూపు ఒక మనిషి మీద ఆగిందంటే ఏదో ఒకటి ఏరుకునే కదులుతుందని గార్లండ్ నమ్మకం. అందుకే స్కూలు బస్సు డ్రైవరు ఉద్యోగం మానేసి మరీ ఆవిడ వెంట తిరుగుతున్నాడు.

"కూర్చోండి. నడుం నొప్పా?"

"రాత్రి పడుకున్న పరుపు రాయిలా ఉందమ్మా. వయసు మీద పడింది, ఏం చేస్తాం! నా నడుం సంగతి వదిలెయ్యండి. నా తుపాకి ఎత్తుకుపోయారు!"

ఆయన పేరు హాలిస్ టాకెట్. గొట్టం మూతిలోంచి మందు దట్టించి పేల్చే పాతకాలం తుపాకుల సంఘం వాళ్లు లారెల్ వాగు పక్కన గుడారాలు వేశారనీ, ఏటా జరిగే గురిపందెం ఇవాళ మధ్యాహ్నమేననీ చెప్పాడు.

"చలికాలమంతా కూర్చుని చేశానమ్మా. కిట్ తెప్పించుకున్నాను. గొట్టం, మేపుల్ కొయ్య, ట్రిగ్గరు, ఇత్తడి తొడుగులు, అన్నీ విడివిడిగా వస్తాయి. పెట్టెలో వచ్చిందంటే పిల్లల బొమ్మ బిగించినట్టు అనుకునేరు! ఇనుముకి దీపం మసి పూసి కొయ్యలో పెట్టాలి. ఆనిన చోట నల్లమచ్చ పడుతుంది. ఆ మచ్చ మేరకే గీకాలి. మళ్లీ మసి, మళ్లీ గీకుడు. మా ఆవిడ వంటింటి బల్లంతా నల్లగా అయిపోయింది."

"అంతా మీరొక్కరే చేశారా?"

"ఒక్కణ్ణే!" హాలిస్ ఛాతీ పొంగింది. "గొట్టాన్ని కొయ్యకి పట్టి ఉంచే పిన్నులకి బెజ్జాలు కూడా మనమే వెయ్యాలి. మూడు బెజ్జాలు వెన్నలోకి దిగినట్టు దిగాయి. నాలుగోది మహా మొండిది. రెండు డ్రిల్లు ముక్కలు విరిగాయి. అయినా వదిలానా? వేసి తీరాను."

"ఎన్నిసార్లు పేల్చారు?"

"ఒక్కసారి కూడా లేదు. మొదటిసారి అందరి ముందూ పేల్చాలని ఆపుకున్నాను. పేల్చనిస్తేగా! గురువారం నాడు పేలుద్దామని చూస్తే, నిప్పు రాజెయ్యడానికి బిగించిన చెకుముకి రాయి మాయం. నిన్న పొద్దున ఇంకో రాయి బిగించి ట్రిగ్గరు నొక్కితే పైన భగ్గుమంది, లోపల మందు అంటుకోలేదు. చూస్తే నిప్పు లోపలికి వెళ్లే రంధ్రంలో ఎవడో మైనం కూరాడు. లోపలున్న గుండు లాగి, శుభ్రం చేసేసరికి తుపాకుల అందాల పోటీకి పిలిచారు. మధ్యాహ్నం మొదటి బహుమతి నాదే, నీలం రిబ్బను! సాయంత్రం భోజనాల దాకా బహుమతుల బల్ల మీదే ఉంది. పాటలయ్యాక వచ్చి చూస్తే నా తుపాకి లేదు."

"పక్కన ఇంకేమైనా పోయాయా?"

"లేదు. దాని పక్కనే వెండి పని చేసిన అసలు సిసలు పాత తుపాకి ఉంది. దాన్ని ముట్టుకోలేదు."

"మీ అనుమానం?"

"అనుమానమేంటమ్మా, ఫెరల్ కూంబ్స్! ఒకప్పుడు నా ప్రాణ స్నేహితుడు. ఇద్దరం ఒకేరోజు ఒకే రకం కిట్లు తెప్పించుకున్నాం. నేను కొయ్య మీద చెక్కిన వంపు చూసి బాతు పొట్టలా ఉందన్నాడు. జనవరి నుంచి మాటల్లేవు. మొన్న గుడారాల దగ్గర నా తుపాకి చూసి మళ్లీ ఏదో వంక పెట్టబోయాడు. 'నోరు ముయ్యరా' అని వచ్చేశాను."

హాలిస్ జేబురుమాలు విప్పి, రంధ్రంలోంచి తీసిన మైనం ముద్ద బల్ల మీద పెట్టాడు. ఇడెల్లా వాసన చూసి గార్లండ్‌కి అందించింది. పిప్పరమెంటు వాసన గుప్పుమంది.

*

వాగు పక్కన తెల్ల గుడారాలు వరసగా ఉన్నాయి. పందెం పెద్ద లోవెల్ మేజ్ వాళ్లకి గేటు దగ్గరే ఎదురొచ్చాడు. పెద్ద మీసాలు, అంతకన్నా పెద్ద గొంతు.

"రాత్రి గేటుకి తాళం వేసింది నేనే. పొద్దున హాలిస్ బండి తప్ప ఒక్క బండీ బయటికి పోలేదు. తుపాకి ఇక్కడే ఉండాలి. అందరి గుడారాలూ వెతికాం. ఫెరల్‌ది రెండుసార్లు వెతికాం."

"హాలిస్ గుడారం?"

లోవెల్ నవ్వాడు. "పోగొట్టుకున్నవాడి గుడారం ఎవరైనా వెతుకుతారా మేడమ్?"

ఇడెల్లా నవ్వలేదు. బహుమతి ఇచ్చేటప్పుడు తీసిన ఫోటో ఉందా అని అడిగింది. లోవెల్ ఫోనులో చూపించాడు. తుపాకిని పసిబిడ్డలా పట్టుకుని హాలిస్ పళ్లికిలిస్తున్నాడు. ఆవిడ హాలిస్ ముఖం వదిలేసి, వేళ్లతో తుపాకిని పెద్దది చేసి చూసింది.

"గార్లండ్, ఈ పిన్నుల తలలు ఎలా ఉన్నాయి?"

"మూడు ఒక వరసలో ఉన్నాయి మేడమ్. కంటికి దగ్గరుండే చివరిది కొంచెం పైకి ఉంది."

"గుర్తుంచుకో."

హాలిస్ భార్య నెడ్రా మూకుడులో ఆపిల్ కజ్జికాయలు వేయిస్తోంది. ఆప్రాన్ పట్టీకి గుచ్చిన సూదికి బూడిదరంగు దారం ఇంకా వేలాడుతోంది.

"తినండి, వేడిగా ఉన్నాయి. నిన్న సాయంత్రమా? పాటలప్పుడు ఇక్కడే అటూ ఇటూ తిరుగుతున్నాను."

"తుపాకి పోయిందని బాధగా లేదా?" అని గార్లండ్ అడిగాడు.

"హాలిస్ పడే బాధ ఇద్దరికీ సరిపోతుంది నాయనా."

"రాత్రి ఆయన నడుం పట్టేసిందట. మీకు బాగానే నిద్ర పట్టిందా?" అంది ఇడెల్లా.

"నేను బండిలో పడుకుంటాను. ఆ గడ్డిపరుపంటే నాకు తుమ్ములు," అని నెడ్రా కజ్జికాయలు తిరగెయ్యడంలో మునిగిపోయింది.

ఫెరల్ కూంబ్స్ సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. మొద్దు మీద కూర్చుని, తుపాకి గుండుకి చుట్టే గుడ్డముక్కలకి మైనం పూస్తున్నాడు. పిప్పరమెంటు వాసన గార్లండ్ ముక్కుకి దూరం నుంచే తగిలింది.

"దొరికాడు మేడమ్!" అని గొణిగాడు.

"నిన్న పాటలప్పుడు మీరెక్కడున్నారు?" అని అడిగింది ఇడెల్లా.

"వేదిక మీద. ఫిడేలు వాయించింది నేనే. భోజనాల గంట కొట్టినప్పుడు ఎక్కాను, అందరూ అలిసిపోయాక దిగాను."

"నిజమే మేడమ్, నీళ్లు తాగడానికైనా దిగనిచ్చామా వీణ్ణి!" అన్నాడు వెనక నుంచి లోవెల్.

గార్లండ్ ఉత్సాహం చప్పున చల్లారింది. ఇడెల్లా మాత్రం ఫెరల్ తుపాకి అడిగి తీసుకుని, పిన్నుల మీదుగా వేలు పోనిచ్చింది. నాలుగూ చీమల బారులా ఒకే వరసలో ఉన్నాయి.

"హాలిస్ తుపాకి చూశారుగా. ఎలా ఉంది?"

ఫెరల్ తల దించుకున్నాడు. "అందంగా ఉంది. నాదానికన్నా అందంగా ఉంది."

ఆ మాట అంటూనే అతను హాలిస్ గుడారం వైపు బెంగగా చూడడం గార్లండ్ గమనించాడు. అసూయ పడే మనిషి చూపులా లేదది.

*

పందేనికి ముందు అందరినీ హాలిస్ గుడారం ఎదుట చేర్చమంది ఇడెల్లా. హాలిస్, నెడ్రా, ఫెరల్, లోవెల్ ముందు నిలబడ్డారు. మిగతా జనం చేతుల్లో మొక్కజొన్న రొట్టెలతో వెనక గుమిగూడారు.

"ఈ తుపాకి జోలికి మూడు రకాలవాళ్లు రావచ్చు," అని మొదలుపెట్టింది ఆవిడ. "ఒకడు దొంగ. దొంగైతే పక్కనున్న వెండి తుపాకి తీసుకుంటాడు. రెండోవాడు బహుమతి మీద కన్నేసినవాడు. వాడైతే పోటీకి ముందే కొయ్య మీద ఒక గీత గీస్తే చాలు. కానీ రాయి తీసినా, మైనం కూరినా తుపాకి అందం చెక్కు చెదరలేదు. బహుమతి వచ్చాకే తుపాకి మాయమైంది. అలా మూడుసార్లూ ఆగిపోయింది ఒక్కటే."

"పేలడం!" అన్నాడు గార్లండ్, తనకి తెలియకుండానే.

"అవును. అది పేలకూడదని కోరుకున్నవాళ్లు మూడో రకం. ఎందుకు కోరుకున్నారు? హాలిస్ గారూ, నాలుగో బెజ్జం వేసేటప్పుడు రెండు డ్రిల్లు ముక్కలు ఎందుకు విరిగాయి?"

"చెప్పానుగా, మొండిది..."

"పిన్ను దిగాల్సింది గొట్టం కింద ఉండే మెత్తటి ఇనప చెవిలోకి. మిగతా మూడూ వాటి చెవుల్లోకే దిగాయి. నాలుగోది దారి తప్పి పైకి పోయింది. మీరు తొలిచింది గొట్టాన్నే. మందు అంటుకునే చోటికి అతి దగ్గరలో. అదే కిట్‌తో అదే తుపాకి చేసిన మనిషికి, ఆ పిన్ను తల ఎత్తు చూడగానే గుండె ఝల్లుమంటుంది."

అందరి తలలూ ఫెరల్ వైపు తిరిగాయి.

"రాయి నేనే తీశాను," అన్నాడు ఫెరల్. "మైనం కూరింది కూడా నేనే. చెప్దామనే వెళ్లానురా హాలిస్. నోరు ముయ్యమన్నావు."

"మరి తుపాకి ఎవడు తీశాడు? నువ్వు ఫిడేలు వాయిస్తున్నావుగా!" హాలిస్ గొంతులో కోపం తగ్గి అయోమయం మొదలైంది.

"దాన్ని దాచినవాళ్లకి కుట్టుపని వచ్చు," అంది ఇడెల్లా. "ఎవరూ వెతకని గుడారం ఒక్కటే ఉంది. అందులో పరుపు ఉన్నట్టుండి ఒక్క రాత్రికే గట్టిపడింది. గార్లండ్, ఆ పరుపు బయటికి తీసుకురా."

గార్లండ్ గడ్డిపరుపుని ఈడ్చుకొచ్చాడు. ఒక పక్క కుట్టు కొత్తగా, బూడిదరంగు దారంతో ఉంది. ఇడెల్లా కత్తెరతో కుట్టు విప్పింది. గడ్డిలోకి చెయ్యి పెట్టిన గార్లండ్‌కి చల్లటి ఇనుము తగిలింది. గొట్టం, కొయ్య, ఇత్తడి తొడుగులు, ఒక్క గీత లేకుండా తుపాకి బయటికొచ్చింది.

జనం గొల్లున నవ్వారు. "ఒరేయ్ హాలిస్, రాత్రంతా దాని మీదే దొర్లావురా!"

హాలిస్ భార్య వైపు తిరిగాడు. "నెడ్రా! నువ్వా?"

"నేనే. నిన్న మధ్యాహ్నం ఫెరల్ వచ్చి చెప్పాడు."

"నాకు చెప్పొచ్చుగా!"

"చెప్తే ఏం చేస్తావు? 'ఫెరల్ నీ చెవిలో ఊదాడా' అంటావు. తప్పని నిరూపించడానికి అక్కడికక్కడే పేలుస్తావు. పెళ్లయిన నాటి నుంచీ చూస్తున్నాగా నిన్ను!"

హాలిస్ తుపాకి తీసుకుని లోవెల్ చేతికిచ్చాడు.

లోవెల్ చిన్న సుత్తితో పిన్నులు ఒక్కొక్కటే కొట్టి తీశాడు. గొట్టాన్ని కొయ్యలోంచి లేపి, తిరగేసి ఎండలో పట్టుకున్నాడు. అడుగున డ్రిల్లు తవ్విన గాడి మెరుస్తోంది. దాని లోతు చూసి లోవెల్ అంతటివాడి గొంతు పడిపోయింది.

"గోరంత మందం మిగిలింది హాలిస్. మందు దట్టించి పేల్చి ఉంటే..."

హాలిస్ ఆ గాడి మీద తన ఎడమచెయ్యి పెట్టి చూసుకున్నాడు. తుపాకి ఎత్తినప్పుడు ఆ చెయ్యి సరిగ్గా అక్కడే ఉంటుంది. తర్వాత టోపీకి పెట్టుకున్న నీలం రిబ్బను తీసి, ఫెరల్ ఛాతీకి గుచ్చాడు. ముల్లు కాస్తా చర్మానికి తగిలింది.

"అబ్బా! చంపుతావేంట్రా?"

"ఇవాళ్టికి ఆ పని తప్పిందిగా," అన్నాడు హాలిస్. "రెండో బహుమతి నీదేగా. నాది పోతే మొదటిది నీదే. వాదించకు."

అంతలో పందేనికి బూర ఊదారు. మొదటి పేరు హాలిస్‌దే. అతను ఖాళీ చేతుల వైపు చూసుకున్నాడు. ఫెరల్ తన తుపాకి తెచ్చి ఆ చేతుల్లో పెట్టాడు.

ఆ మధ్యాహ్నం ఇద్దరూ ఒకే తుపాకితో పందెం ఆడారు. ఒకడు పేల్చి పొగలోంచి బయటికి వస్తే ఇంకొకడు లాక్కునేవాడు. మందు ఎక్కువేశావని ఒకడు, గుండు సరిగా దట్టించలేదని ఇంకొకడు. ఇడెల్లా కజ్జికాయల పొట్లం చేతపట్టుకుని బండి వైపు నడిచేసరికి ఇద్దరూ గురిబోర్డు ముందు నిలబడి కేకలేసుకుంటున్నారు. నడి మధ్యలో ఒక బెజ్జం పడింది. అది ఎవరి గుండో తేలడం లేదు.

"డిటెక్టివమ్మా! ఈ కేసు కూడా తేల్చి వెళ్లు!" అని అరిచాడు హాలిస్.

ఆవిడ చెయ్యూపి బండెక్కింది. "బండి పోనీ, గార్లండ్."

"చూస్తే తెలిసిపోతుంది కదా మేడమ్. ఒక్క నిమిషం పని."

"జనవరి నుంచి ఇద్దరికీ పోట్లాడుకోవడానికి మనిషి దొరకలేదు," అంది ఇడెల్లా, పొట్లం విప్పుతూ. "ఇప్పుడు దొరికాడు. నేను వెళ్లి ఆపనా?"