నిండని డబ్బా

"ఈ డబ్బాకి ఏదో రోగం పట్టింది బాబూ. పనికిరాని ఫొటోలు చెరుపుతాను, మర్నాటికి అవే మళ్ళీ పుడతాయి. విసుగొచ్చి పెద్ద డిస్కులు కొన్నాను," అన్నారు ఫొటోగ్రాఫర్ గారు, రిపేరుకొచ్చిన కుర్రాడు చెప్పులు విప్పకముందే.

"చూద్దామండి," అన్నాడతను. కళ్ళు మాత్రం వెనక గదివైపు పరుగెత్తాయి.

నాలుగేళ్ళ కిందట స్టూడియో వెనకున్న ఈ ఇంట్లోనే అతను ఆ స్టోరేజ్ సర్వర్ బిగించాడు. ఆయన తీసిన ఫొటోలన్నీ దాచుకునే నాలుగు డిస్కుల డబ్బా. ఆ రోజు జోరువాన. కరెంటు పోతే ఫొటోగ్రాఫర్ గారి అమ్మాయి టార్చి పట్టుకుంది. వెలుతురు స్క్రూల మీద తక్కువా అతని మొహం మీద ఎక్కువా పడింది. ఎన్ని వానలకు ఆ వాన గుర్తొచ్చిందో అతనికే తెలియదు. వెళ్తూ వెళ్తూ ఏదో చెప్పబోయి, "నిండితే పిలవండి" అని మాత్రం అనగలిగాడు. ఏడాదిలో నిండుతుందనుకున్నాడు. ఇవాళ్టిదాకా ఫోను మోగనే లేదు.

ఫొటోగ్రాఫర్ గారు కాఫీకి వెళ్ళగానే అతను వెనక గదిలోకి నడిచాడు. ఆమె ఇప్పుడూ ఆ డబ్బా పక్కనే నిలబడింది.

"కొత్త డిస్కులు మీలాగే మొండివి. లోపలికి వెళ్ళట్లేదు."

అతను ఒకటి తిప్పి చూశాడు. "ఇవి సాస్ రకమండి, ఆఫీసుల్లో వాడేవి. డబ్బా వెనక డిస్కులు తగులుకునే బోర్డుంది చూశారా, బ్యాక్‌ప్లేన్, అది ఇళ్ళల్లో వాడే సాటా రకం. వీటిని రానివ్వదు."

"గట్టిగా తోస్తే?"

"విరుగుతుంది. సాస్ బోర్డు వేస్తే మీ పాత డిస్కులూ అందులో హాయిగా కూర్చుంటాయి. డిస్కుల్ని నడిపే కార్డు కూడా మార్చాలి."

"తర్వాత ఎప్పుడు నిండుతుంది?"

"పదిహేనేళ్ళు ఢోకా లేదు."

ఆమె మొహం చిన్నబోయింది. అతను నాలుక కరుచుకున్నాడు. పదిహేనేళ్ళ దాకా ఈ గుమ్మం తొక్కే పనేముంది? ఇవాళ నోరు విప్పకపోతే ఇక ఎప్పటికీ లేనట్టే.

ముందు రోగమేదో తేలుద్దామని ఫోల్డర్లు తెరిచాడు. ఒకే ఫొటో. దానికి కాపీలు, ఆ కాపీలకు మళ్ళీ కాపీలు. నోట్లో స్క్రూడ్రైవరు పెట్టుకుని టార్చి వెలుగులో డబ్బాలో తల దూర్చిన కుర్రాడు. తనే.

"నిండితే పిలవమన్నారుగా," అంది ఆమె నేల చూపులు చూస్తూ. "నేను నింపుతూనే ఉన్నాను. నాన్న చెరుపుతూనే ఉన్నారు."

"నిండిందని అబద్ధం చెప్పొచ్చుగా."

"మీరు ఊరికే రావచ్చుగా."

అతను స్క్రూడ్రైవరు పక్కన పెట్టాడు.

"మీరంటే నాకు చాలా ఇష్టం. అప్పుడే చెప్పాల్సింది."

"చెప్పాల్సిందే," అంది. నవ్వబోయి కళ్ళు తుడుచుకుంది.

"రోగం తేలిందా?" గుమ్మంలో ఫొటోగ్రాఫర్ గారు, రెండు చేతుల్లో రెండు కాఫీ గ్లాసులు. అతను గబుక్కున లేచి నిలబడ్డాడు.

"తేలిందండి."

"తప్పెవరిది?"

"ఇద్దరిదీనండి."

ఆయన గ్లాసులు బల్ల మీద పెట్టారు. "ఇన్నేళ్ళు కెమెరా పట్టినవాణ్ణి, ఆ ఫొటో ఎవరిదో తెలీదనుకున్నారా? చెరిపితే పోతుందేమోనని చూశాను. పోలేదు." కూతురి తల నిమిరి, అతనివైపు తిరిగారు. "ఆదివారం మీ అమ్మగారిని తీసుకురా. బోర్డు మాత్రం ఇవాళే మార్చి వెళ్ళు."