తొమ్మిది పొరల దిండు

“తాతగారూ, మీ కాళ్ళేవి?”

ముసలాయన కిందికి చూసుకున్నాడు. కాళ్ళు ఉండాల్సిన చోటే ఉన్నాయి. కాకపోతే నేలకు జానెడు ఎత్తున, గాలిలో ఊగుతున్నాయి.

“ఇవిగో తల్లీ. ఎక్కడికి పోతాయి?”

ఫిజియో అమ్మాయి చేతిలోని స్టాప్‌వాచ్‌ నొక్కి ఆపేసింది.

తొమ్మిది రోజులుగా ఆమె పొద్దున్నే ఈ ఇంటికి వస్తోంది. ముసలాయన కడుపులో గడ్డ ఉంది. తీసెయ్యాలి. కానీ పెద్ద డాక్టరు ఆయన్ని ఎగాదిగా చూసి, “ఈ ఒంటికి కత్తి పెడితే గడ్డతోపాటు మనిషీ పోతాడు. నాలుగు వారాల్లో కాస్త కండ పట్టించండి. చేతులు ఆనించకుండా, ముప్పై సెకన్లలో పదిసార్లు కుర్చీలోంచి లేస్తేనే ఆపరేషన్” అన్నాడు. మొదటి రోజు ముసలాయన నాలుగుసార్లు లేచాడు. ఇవాళ పద్నాలుగు! ఆసుపత్రంతా చెప్పుకుని మురిసిపోదామనుకుంది. ఆ మురిపెంలో ఆయన కాళ్ళు చూడ్డమే మరిచిపోయింది.

“ఇది లేవడం కాదు తాతగారూ, దిగడం!”

కుర్చీ మీద ఒక దిండు. పొర మీద పొర, పొర మీద పొర, చుట్టూ చక్కని పైపింగు.

మూలన మిషను దగ్గర మనవడు తలెత్తలేదు. వాడు దర్జీ. నోట్లో ఆరు గుండుసూదులు. ఆ అమ్మాయి గుమ్మంలో అడుగు పెట్టగానే అవి వాడి నోట్లోకి పోతాయి, ఆమె వెళ్ళాకే బయటికొస్తాయి. పలకరించే ధైర్యం లేనివాడికి అంతకంటే మర్యాదైన సాకు దొరకదు.

“ఇది మీ పనేనా?”

“ఊఁ.”

“రోజుకో పొర వేశారా?”

“ఊఁ.”

“ఎందుకండీ?”

సూదుల్ని ఓ బుగ్గకు తోసి అన్నాడు. “పాస్ అవ్వాలని.”

“కుట్టేవాడు మనవాడైతే కుర్చీ కూడా లేస్తుంది తల్లీ” అన్నాడు తాత, గర్వంగా.

“మీరాగండి! ఆపరేషన్ అయ్యాక మంచం దిగి నడవాల్సింది ఈ కాళ్ళతోనే. నడవకపోతే ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరుతుంది. అప్పుడు ఎన్ని పొరలు వేస్తారండీ మీరు?”

మిషను ఆగిపోయింది. పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచి వాడికి ఈ తాత తప్ప ఇంకెవరూ లేరు. వాడు లేచి, కత్తెర తీసుకుని, దిండు మొత్తం విప్పడానికి కూర్చున్నాడు. కుట్టు తెంపబోయి గుడ్డ కత్తిరించాడు.

అది చూసి ఆమె గొంతు తగ్గింది.

“ఉండండి. ఒక్కసారే తీసేస్తే ఆయన కూలబడతారు.” మోకాళ్ళ మీద కూర్చుని పొరలు లెక్కపెట్టింది. “తొమ్మిది. ఇంకా పంతొమ్మిది రోజులుంది. రెండ్రోజులకో పొర తీద్దాం. కుర్చీ తగ్గుతుంటే కాళ్ళకు బలం పెరుగుతుంది.” తర్వాత కోపం పోనివ్వకుండానే ఒప్పుకుంది. “ఇంత మంచి పరికరం మా ఆసుపత్రిలో కూడా లేదు.”

ఆ మెచ్చుకోలుకు వాడు ఒక సూది మింగబోయి ఆగాడు.

అప్పట్నుంచి రెండ్రోజులకోసారి ఆ ఇంట్లో పెద్ద తతంగం. వాడు కుట్లు విప్పేవాడు. ఆమె దారాలు లాగేది. తాత లేచి నిలబడి, పోయిన పొరను గురించి నాలుగు మంచి మాటలు చెప్పేవాడు.

“ఇది ఎవరిదో పాత కోటు. నన్ను ఏనాడూ గుచ్చలేదు. మహానుభావురాలు.”

ఆ తర్వాత ఉడికించిన గుడ్లు రెండు తిని, ఊపిరి కసరత్తుకని ఆమె ఇచ్చిన మూడు బంతుల గొట్టం నోట్లో పెట్టుకుని, బంతులు పైకి లేచేదాకా ఊపిరి పీల్చి, మళ్ళీ కుర్చీ ఎక్కేవాడు. ఐదుసార్లు. ఏడు. ఓరోజు వెనక్కి ఐదుకే పడిపోయాడు. ఆ రోజు దర్జీ ఒక చొక్కాకు మూడు చేతులు కుట్టాడు.

ఇరవై ఏడో రోజు ఆఖరి పొర విప్పారు. లోపల, ఉతికి ఇస్త్రీ చేసి, చదరంగా మడిచిన కర్చీఫు కనబడింది. నీలం అంచు. మొదటి రోజు ఆమె ఈ ఇంట్లో మరిచిపోయినది.

ఆమె దాన్ని చూసింది. వాణ్ణి చూసింది.

“అంటే ఇన్నాళ్ళూ తాతగారు నా కర్చీఫు మీద కూర్చున్నారా?”

వాడు నోటినిండా సూదులతో, చెవులు ఎర్రబడి, మిషను తొక్కాడు. మిషను మీద గుడ్డ లేదు.

మర్నాడు పెద్ద డాక్టరు ముందు, వట్టి చెక్క కుర్చీలోంచి, తాత పదకొండుసార్లు లేచాడు.

ఆపరేషన్ అయిన ఆరో రోజు వార్డు గుమ్మం దాకా నడిచొచ్చి మంచమెక్కాడు. ఆమె చీటీ మీద సంతకం పెట్టింది.

“ఇంక నా పని అయిపోయింది తాతగారూ. రేపట్నుంచి రాను.”

మనవడు స్టూలు మీద కూర్చుని తాత చొక్కాకు బొత్తాం కుడుతున్నాడు. సూది ఆగింది. నోట్లో గుండుసూదులు అలాగే ఉన్నాయి.

ఆమె స్టాప్‌వాచ్ తీసింది.

“ముప్పై సెకన్లు. మీరేదైనా చెప్పేదుంటే చెప్పండి.”

వాడు కంగారుగా నోట్లోంచి గుండుసూదులు తియ్యడం మొదలుపెట్టాడు. ఒకటి చొక్కా కాలరుకు గుచ్చాడు. ఇంకోటి. మూడోది కిందపడితే వెతకబోయాడు.

“పద్దెనిమిది!” మంచం మీంచి తాత లెక్కపెడుతున్నాడు. “వదిలెయ్యరా దాన్ని! తాటిచెట్టెక్కేవాణ్ణి ఎంతదాకా తొయ్యనురా నేను!”

నాలుగో సూది. ఐదోది.

“పని లేకపోయినా…” అన్నాడు వాడు. “మీరు మా ఇంటికి రావాలి. వచ్చి… ఇంక వెళ్ళకూడదు.”

వాచ్ ఆగింది. ఆమె చూసుకుంది.

“ముప్పై మూడు. ఫెయిల్.”

వాడి మొహం చిన్నబోయింది. ఆమె జేబులోంచి నీలం అంచు కర్చీఫు తీసి, అరచేతిలో పరిచి వాడి ముందు పెట్టింది.

“ఆరు సూదులు కదా? ఇంకోటి బుగ్గలోనే ఉంది. ఇలా ఇవ్వండి.”

ఇచ్చాడు.

“ఇప్పుడు మళ్ళీ చెప్పండి. నిదానంగా. ఈసారి టైము చూడను.”

అని స్టాప్‌వాచ్‌ని తాత దిండు కిందికి తోసింది.