తెర వెనక గొంతు

జురాంగ్ వెస్ట్‌లో ఆ కార్ పార్కింగ్ భవనానికి చెడ్డపేరుంది. భవనానికి కాదులెండి, దాని వెనక మెట్లకి. ఆరో అంతస్తు దాటాక ఒక ఇనుప గేటు. గేటుకి గొలుసు, గొలుసుకి తుప్పుపట్టిన తాళం. అది తెరిచినవాళ్ళని ఎవరూ చూడలేదు.

కానీ రాత్రిపూట ఆ మెట్ల మీద మనసుపెట్టి పాడితే... గేటు అవతల నుంచి ఎవరో బదులు పాడతారట!

ఆ మాటంటే నిఖిలకి నవ్వొచ్చేది. మూడు నెలలుగా ఆమె సాధన చేసుకునేది అక్కడే. ఫ్లాట్‌లో గొంతెత్తితే పక్కింటివాళ్ళు కంప్లయింట్ పెడతారు మరి. ఒక్కనాడూ ఏ దెయ్యమూ బదులు పలకలేదు.

నిఖిలది గుంటూరు. ఇక్కడ పరాయిదేశంలో బ్యాంకు ఉద్యోగం, ఒపెరా పాటలంటే ప్రాణం. ఊరికి ఆ చివర టాంపినీస్‌లో హరిదాస్ అంకుల్ నడిపే పాటల బృందంలో ఆరేళ్ళుగా ఉంది. ఈసారి మరెంజీ అనే ఇటలీ ఒపెరా కర్త పాటలతో కచేరీ. అందులో పెద్ద పాట తనదేననుకుంది. అంకుల్ దాన్ని రాజకుమారికిచ్చాడు — నిరుడు ఈపో నుంచి వచ్చి చేరిన రాజకుమారికి!

నిఖిలకి దక్కింది ప్రతిధ్వని. తెర ముందు రాజకుమారి ఒక్కో చరణం పాడుతుంటే, తెర వెనక నిలబడి మారు పలకాలి. జనానికి కనబడకూడదు.

"అది చిన్నపని కాదమ్మా," అన్నాడు అంకుల్. "మరెంజీ ఆ మారుపాట పెళ్ళాం కోసమే రాశాడు. ఆమెను పరాయివాళ్ళు చూస్తే ఓర్వలేడు, అందుకని తెర వెనక పెట్టాడు. పదిహేడు రాత్రులు పాడింది. జనం ఏమనుకున్నారో తెలుసా? ఈ హాలు భలే మారుమోగుతోందే అనుకున్నారు! పాపం, ఆ తెర వెనకే పోయింది. పాడింది తనేనని ఒక్కరికీ తెలియకుండానే."

ఇందులో నిజమెంతో అంకుల్‌కే తెలియాలి. నిఖిల చెవికి మాత్రం ఒక్క మాటే ఎక్కింది — కనబడకూడదు.

అసూయకు మందు లేదంటారు. నిఖిల మందు వెతుక్కోలేదు, ఉపాయం వెతుక్కుంది. రాజకుమారికి దెయ్యాలంటే హడలు. ఆ మెట్ల మీద పాడించి, తాను కింద దాక్కుని మారు పలికితే... భయానికి గొంతు బిగుసుకుపోదూ? కచేరీకి నాలుగు రోజులే ఉన్నాయి.

"అక్కడ దెయ్యం ఉందంటారే అక్కా?" అంది రాజకుమారి, సాధనకి అక్కడికి రమ్మనగానే.

"నేను రోజూ పాడతాగా. ఉంటే నన్ను వదిలేదా? నాకు కొంచెం లేటవుద్ది, నువ్వు మొదలుపెట్టు."

శుక్రవారం రాత్రి పది దాటింది. ఆరో అంతస్తులో రాజకుమారి. ఐదో అంతస్తు మలుపులో, గోడకి అంటుకుని నిఖిల.

పాట మొదలైంది. నిఖిల కళ్ళల్లో నిప్పులు పోసుకుని వింటోంది... ఎంత బాగా పాడుతోంది పాపిష్ఠిది! మొదటి చరణం అయిపోయింది. నిఖిల గుండెనిండా గాలి పీల్చి, నోరు తెరిచింది —

తెరిచిందంతే.

మారుపాట వచ్చేసింది. పైనుంచి... గేటు అవతల నుంచి.

సన్నటి గొంతు. తడి గొంతు. చరణం చరణానికీ బదులు పలికింది, ఒక్క స్వరం తప్పలేదు. నిఖిల పారిపోవాలనుకుంది. కానీ భయంకన్నా ముందు ఇంకొకటి గుండెలో పొడిచింది. మూడు నెలలు! మూడు నెలలు ఇక్కడ గొంతు చించుకుంటే ఒక్కసారైనా పలకలేదే... చివరికి దెయ్యానికి కూడా దీని పాటే నచ్చిందా?

పాట ఆగింది. చెప్పుల చప్పుడు దగ్గరైంది. మలుపు తిరిగిన రాజకుమారి నిఖిలని చూసి టక్కున ఆగిపోయింది. కళ్ళనిండా నీళ్ళు, మొహం నిండా నవ్వు.

"అక్కా, నువ్వేనా! ఈ మారుమోతలో పైనుంచి వచ్చినట్టుంటే, దెయ్యమేమోనని చచ్చాను! ఎంత బాగా పాడావక్కా... ఇన్నాళ్ళూ ఈ గొంతు ఎక్కడ దాచావు? పెద్ద పాట నీదే. తెర వెనక నేనుంటా. ఇప్పుడే అంకుల్‌కి చెప్తా!"

రాజకుమారి ఫోన్ కలిపింది, అవతల మోగుతోంది. ఆరేళ్ళుగా కోరుకున్న పాట, అడక్కుండానే చేతికొస్తోంది. నిజం చెప్తే అదీ పోతుంది, తాను ఇక్కడెందుకు నక్కిందో కూడా బయటపడుతుంది.

"చెప్పక్కా... నువ్వేగా పాడింది?"

"నేనే," అంది నిఖిల. "నేనే పాడాను."

ఫోన్‌లో అంకుల్ హలో హలో అంటున్నాడు. రాజకుమారి మెల్లగా తల పైకెత్తింది. మొహం పాలిపోయింది.

పైన గొలుసు కదిలింది. గేటు అవతల నుంచి అదే సన్నటి తడి గొంతు, ఎన్నడూ తెలుగు పలకని నోటితో ఒక్కో అక్షరమే కూడబలుక్కుంటూ...

"నే... నే... పా... డా... ను."