రెండో పొగగొట్టం

"సైలెన్సర్ దగ్గుతోంది," అంది టిఫిన్ క్యారియర్ అడుగు గిన్నె.

"మందు పట్టించాం," అని గిన్నెలోకే బదులు సంకేతం చెప్పాడు ఏజెంట్ పొగరాయుడు.

మీరు నవ్వినా సరే, డిపార్ట్‌మెంట్ ట్రాన్స్‌మిటర్ ఉండేది అందులోనే. పొగలా, పట్టుకుంటే దొరకడు కాబట్టి అతనికా పేరు. వెల్డర్ వేషంలో, సరిహద్దు గేటు పక్కనే షెడ్డు పెట్టి రెండేళ్లయింది.

చీఫ్ గొంతు గరగరలాడింది. పొద్దున ఆఫీసు సేఫ్‌లోంచి మైక్రోఫిల్మ్ పోయిందట. అందులో మన ఏజెంట్లు పదకొండు మంది పేర్లున్నాయట. విదేశీ ముఠాకు చిక్కితే పదకొండు కొంపలు ఆరిపోయినట్టే. పన్నెండింటికి ఏదో పికప్ ట్రక్కులో గేటు దాటుతుందని కబురు.

"సేఫ్ నంబర్ తెలిసింది ముగ్గురికే. నాకు, నీకు..."

"చిలకకు," అని పూర్తిచేశాడతను.

చిలక అతని జోడీ ఏజెంట్. ఏడు వేషాలు, నాలుగు భాషలు. ఆమె నవ్వితే కాపలా కుక్కలు కూడా మొరగడం వాయిదా వేసుకునేవి. వచ్చే నెల వాళ్లిద్దరి పెళ్లి.

నిన్ననే ఆమె ఒక పికప్ తెచ్చింది. ఉన్న పొగగొట్టానికి జంటగా, ఇంజిన్‌తో సంబంధం లేని ఉత్తుత్తి గొట్టం ఇంకోటి పెట్టమంది. చీఫ్ ఆర్డరంటూ గుట్టుగా ఉంచమంది. అతను అసలు గొట్టానికున్న పాత చిల్లులు కూడా అడక్కుండానే పూడ్చాడు. ఆనక గురువు నేర్పిన పరీక్ష పెట్టాడు. పొగ వచ్చే మూతిని తడిగోనెతో బిగించి మూస్తే ఇంజిన్ ఆగిపోవాలి. ఆగలేదంటే ఎక్కడో కారుతున్నట్టే. ఆగింది. ఆమె చప్పట్లు కూడా కొట్టింది.

టిఫిన్ క్యారియర్ చేతిలోంచి జారింది. టైము పదకొండూ యాభై ఎనిమిది.

బయట గేటు లేస్తోంది. ముందున్నది ఆ పికప్పే. అరిస్తే మసి పూసుకున్న వెల్డర్ మాట వినేదెవరు? తొట్లో నానుతున్న గోనె లాక్కుని పరిగెత్తాడు. వంగి, అసలుదైన ఎడమ గొట్టంలో కుక్కి, బూటుతో తొక్కిపట్టాడు. ఇంజిన్ రెండుసార్లు దగ్గి చచ్చింది. చక్రాలు ఇవతలే ఉన్నాయి. బంపర్ మాత్రం జానెడు విదేశయాత్ర చేసింది.

దారికి అడ్డమని గార్డులే విసుక్కుంటూ బండిని షెడ్డులోకి నెట్టి వెళ్లారు. ఉత్తుత్తిదైన కుడి గొట్టం కోస్తే మైక్రోఫిల్మ్ డబ్బీ జారిపడింది.

డ్రైవర్ తల వంచుకుని కూర్చుంది.

"మీసం ఊడుతోంది, సరిచేసుకో," అన్నాడతను.

ఆమె సరిచేసుకోలేదు. "ఒక్క చిల్లి వదిలేసుంటే దాటిపోయేదాన్ని. అంత గట్టిగా ఎందుకు పూడ్చావు?"

"పొగ లోపలికొస్తే నీకు దగ్గొస్తుందని."

అతను డబ్బీ తుడిచి జేబులో వేసుకున్నాడు.

"ఎన్నాళ్ల నుంచి వాళ్ల మనిషివి?"

"నిన్ను కలవక ముందు నుంచే," అంది, అతని వైపు చూడకుండా.

సాయంత్రం అతను రిపోర్టు నింపాడు. వాడిన ఆయుధం: గోనె ముక్క. జరిగిన నష్టం: అదే గోనె ముక్క. ఇంకేమైనా పోయిందా అని చీఫ్ అడిగాడు.

"దానికి మీ ఫారంలో గడి లేదు సార్," అన్నాడు పొగరాయుడు.